గుడ్డును కాపాడితే తాబేలు బతుకుతుందా?

పోయిన శీతాకాలం మా మేనల్లుడు అడిగిన ప్రశ్న ఒకటి నన్ను ఇంకా వదల్లేదు. వాడు పదో తరగతి చదువుతున్నాడు. మేం ఉండేది జంషెడ్‌పూర్‌లో, టాటానగర్ స్టేషన్‌ను ఆనుకుని ఉన్న జుగ్సలాయిలో. మా తాతగారు కర్మాగారం పనికోసం శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అలాంటి తెలుగు కుటుంబాలు ఈ ఊళ్ళో చాలానే ఉన్నాయి. ఏటా చలికాలంలో నేను మా ఊరివైపు వెళ్ళి, అక్కడి మిత్రులతో కలిసి నాలుగు రోజులు సముద్రపు తాబేళ్ళ గుడ్లు కాపాడే పనిలో ఉంటాను. అటవీశాఖ అనుమతితో జరిగే పనే. రాత్రిపూట ఇసుకలో తాబేలు పెట్టిన గుడ్లను నక్కలూ కుక్కలూ తవ్వకముందే తీసి, కంచె వేసిన హేచరీలో పాతిపెట్టాలి. యాభై రోజులు అటూ ఇటూగా పిల్లలు బయటికొస్తాయి. వాటిని నీళ్ళ దగ్గర వదలాలి. ఆ ఫొటోలు తెచ్చి ఇక్కడి తెలుగువాళ్ళకు చూపించడం నాకు అలవాటు. కాస్త గర్వంగానే చూపిస్తాను, ఒప్పుకుంటాను.

ఆ ఆదివారం అలాగే చూపిస్తుంటే వాడు అడిగాడు: "మావయ్యా, ఇన్నేళ్ళల్లో మీరు వదిలిన పిల్లల్లో ఎన్ని బతికున్నాయి?"

తెలియదన్నాను.

"మరి మీ పని వల్ల తాబేళ్ళు పెరుగుతున్నాయని ఎలా తెలుసు?"

మిత్రులారా, తాయెత్తులు కట్టేవాళ్ళనూ వాస్తు పండితులనూ నేను ఇరవై ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్న ఇదే! కట్టించుకున్నవాళ్ళలో ఎంతమందికి తగ్గింది, కట్టించుకోనివాళ్ళలో ఎంతమందికి తగ్గింది, ఆ లెక్క చూపించండి అంటాను. ఇప్పుడా లెక్క నన్ను అడిగితే నా దగ్గర ఉన్నవి ఫొటోలు మాత్రమే. అందుకే కొన్ని నెలలు కూర్చుని దీని చరిత్ర చదివాను. చదివిందాంట్లో నాకు ముఖ్యమనిపించినవి ఇక్కడ రాస్తున్నాను.

మా నాయనమ్మది శ్రీకూర్మం దగ్గరి పల్లె. అక్కడి గుళ్ళో విష్ణువు కూర్మావతారంలో పూజలందుకుంటాడు. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను పెంచుతారు. ఆమెకు తాబేలు కనిపిస్తే చాలు, "స్వామోరురా, దండమెట్టి తప్పుకో" అనేది. మెట్టపొదల్లో తిరిగే జంతువును ఎక్కడినుంచో పట్టుకొచ్చి భక్తితో గుడికి సమర్పించేవాళ్ళు ఉన్నారు. అది ఏం తింటుంది, ఎన్నేళ్ళకు ఈడుకొస్తుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది అన్న ప్రశ్నలు భక్తికి తట్టవు. దండం పెడితే పుణ్యం, అక్కడితో సరి. గుడ్లు ఏరి పిల్లల్ని వదిలి ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయిన నాకూ ఆమెకూ తేడా ఎంత? ఆమెకు పుణ్యం దక్కింది, నాకు ఫొటోలు దక్కాయి.

మా తీరానికి వచ్చే తాబేలు ఆలివ్ రిడ్లే. ఆంధ్రాలో ఇది ఒకటొకటిగా ఒడ్డుకొస్తుంది. పైన ఒడిశాలో గహిర్‌మఠ, రుషికుల్య దగ్గర మాత్రం కొద్ది రోజుల్లో లక్షల తాబేళ్ళు ఒక్కుమ్మడిగా వచ్చి గుడ్లు పెడతాయి. 2025 ఫిబ్రవరిలో ఒక్క రుషికుల్యలోనే 6 లక్షలకు పైగా లెక్కపెట్టారు. గహిర్‌మఠ సంగతి శాస్త్రలోకానికి తెలిసింది 1970ల మధ్యలో, మొసళ్ళ పని మీద వచ్చిన రాబర్ట్ బస్టర్డ్ వల్ల. అక్కడి జనానికి అంతకుముందే బాగా తెలుసు. జమీందారీ రోజుల్లో గుడ్ల మీద పన్ను కూడా ఉండేది. ఆ తర్వాత కొన్నేళ్ళు సర్కారే లైసెన్సు ఇచ్చి గుడ్లు తీయించింది. పడవలకొద్దీ గుడ్లు పోయేవి. 1970ల చివర్లో గుడ్ల సంగతి వెనక్కిపోయి, పెద్ద తాబేళ్ళనే వేలకొద్దీ పట్టి కలకత్తా మార్కెట్లకు లారీల్లో, రైళ్ళలో పంపడం మొదలైంది. (ఆ రైళ్ళు మా టాటానగర్ మీదుగా కాదు, ఖరగ్‌పూర్ మీదుగా హౌరా పోయేవి.) ఆలివ్ రిడ్లేను వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో చేర్చింది 1977లో. ఆ తర్వాత కూడా వ్యాపారం ఆగలేదు. జె. విజయ అనే యువ పరిశోధకురాలు ఆ వధను ఫొటోలు తీసింది. 1982లో అవి పత్రికలో అచ్చయ్యాక గాని ఢిల్లీ కదల్లేదు. సరీసృపాల మీద పనిచేసిన మొదటి భారతీయ మహిళగా చెప్పుకునే ఆమె చిన్న వయసులోనే, 1987లో చనిపోయింది. మన పాఠ్యపుస్తకాల్లో ఆమెకు ఒక పేరా అయినా దక్కాలి.

ఇంతవరకు కథ సులువు. గుడ్లు తీసేవాడు దొంగ, కాపాడేవాడు దొర. తాబేలు తగ్గిపోతోంది గనక గుడ్లను కాపాడాలి. ప్రపంచమంతా అదే అనుకుంది. మనసుకు నచ్చేదీ అదే. గుడ్డు చిన్నది, నిస్సహాయమైనది, పైగా ఒడ్డున మన చేతికి అందేది.

మెక్సికోలో మన రిడ్లేకు అన్నదమ్ముల వరస అయిన తాబేలు ఒకటి ఉంది, పేరు కెంప్స్ రిడ్లే. 1947లో అక్కడ ఒకాయన తీసిన సినిమా ముక్కలో ఒకే రోజు ఒడ్డుకొచ్చినవి సుమారు 40,000 అని తర్వాతివాళ్ళు అంచనా వేశారు. 1966 నుంచి ప్రభుత్వం కాపలా పెట్టి గుడ్లను భద్రంగా హేచరీలకు మార్చింది. దాదాపు ఇరవై ఏళ్ళ కాపలా తర్వాత, 1985లో ఏడాది మొత్తానికి కనిపించిన గూళ్ళు 702! గుడ్లను ఇంత భద్రంగా చూస్తే ఇదేం ఫలితం?

జవాబు అమెరికాలో మరో తాబేలు, లాగర్‌హెడ్, లెక్కల్లో దొరికింది. 1987లో డెబొరా క్రౌస్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ అనే ముగ్గురు ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్ళు సముద్రంలో దిగి చేసిన సాహసం ఏమీ లేదు. తాబేలు జీవితాన్ని గుడ్డూ పిల్లా కలిసిన దశ, చిన్న ఎదుగుదల, పెద్ద ఎదుగుదల, ఈడుకొచ్చిన దశ ఇలా ఏడు మెట్లుగా విడగొట్టారు. ఒక్కో మెట్టు మీద ఏటా ఎన్ని బతుకుతాయి, పై మెట్టుకు ఎన్ని ఎక్కుతాయి, ఎన్ని గుడ్లు పెడతాయి అన్న సంఖ్యల్ని పట్టికలో పెట్టి, ఏ సంఖ్యను మారిస్తే జనాభా ఎటు పోతుందో చూశారు. వాళ్ళు తీసుకున్న లెక్కలో లాగర్‌హెడ్ ఈడుకు రావడానికి ఇరవై ఏళ్ళు దాటుతుంది. తేలిందేమిటంటే, మొదటి మెట్టులో ఒక్కటి కూడా చావకుండా నూటికి నూరూ బతికించినా ఆ జనాభా తగ్గుతూనే పోతుంది. సముద్రంలో తిరిగే పెద్ద ఎదుగుదల తాబేళ్ళ చావుల్ని తగ్గిస్తే మాత్రం పైకి లేస్తుంది. ఆ దశ తాబేళ్ళు ఎక్కడ చస్తున్నాయి? రొయ్యల కోసం మరబోట్లు లాగే ట్రాల్ వలల్లో. తాబేలుకు ఉన్నవి ఊపిరితిత్తులు. వల నీళ్ళ కింద గంటలకొద్దీ సాగితే మునిగి చస్తుంది.

ఇది చదివాక మన రిడ్లే మీద కాకిలెక్క ఒకటి వేశాను. ఒక ఆడది ఒక విడతకు నూరు, నూట ఇరవై గుడ్లు పెడుతుంది. సీజనుకు రెండు గూళ్ళు, జీవితంలో పది సీజన్లు అనుకుందాం. అంటే 2,000 గుడ్లు. జనాభా పెరగకుండా తగ్గకుండా నిలకడగా ఉందంటే ఆ రెండు వేలలో తల్లి స్థానంలో ఒకటి, తండ్రి స్థానంలో ఒకటి, రెండే పెద్దవి కావాలి. వెయ్యికి ఒకటి బతుకుతుందని పోస్టర్ల మీద రాస్తారే, ఎవరూ వెయ్యి పిల్లలకు గుర్తులు పెట్టి ఎదురుచూసి చెప్పిన మాట కాదది, ఇలాంటి లెక్కే. అందుకే దాన్ని అటూ ఇటూగానే తీసుకోవాలి. అటూ ఇటూగానైనా అది చెప్పేది భయపెడుతుంది. వలలో ఒక ఆడ తాబేలు మునిగితే ఆ ఒక్కదాని లోటు పూడ్చడానికి ఇరవై గూళ్ళ గుడ్లు కావాలి! మేం నాలుగు రోజుల్లో మార్చిన గూళ్ళు చాలాసార్లు పది కూడా ఉండవు. అదే నాలుగు రోజుల్లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన తాబేళ్ళను ముక్కు మూసుకుని దాటుకుంటూ నడిచాం. వాటిని మేం లెక్కపెట్టలేదు. ఫొటో కూడా తీయలేదు.

ఒడిశా తీరంలో 1990ల చివర్లో ఏటా పదివేలకు పైగా తాబేళ్ళు ఇలా చచ్చి ఒడ్డుకు చేరాయి. 2025 జనవరిలో చెన్నై పరిసరాల్లో వెయ్యికి పైగా కొట్టుకొచ్చాయి. అయినా రుషికుల్యకు లక్షలు వస్తున్నాయి కదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒక ఏడాది లక్షలు వచ్చి, మరో ఏడాది అసలు రాకపోవడం వీటి తీరు. పైగా ఈ ఏడాది గుడ్లు పెట్టేది పదిపదిహేనేళ్ళ క్రితం పుట్టిన తరం. ఇప్పటి చావుల ఫలితం ఇప్పుడే ఒడ్డు మీద కనిపించదు. నెమ్మదిగా ఎదిగే జంతువుతో ఇదే చిక్కు. తప్పు జరిగిన సంగతి తెలిసేసరికి ఒక తరం దాటిపోతుంది.

వలకు విరుగుడు ఉంది. జార్జియాకు చెందిన సింకీ బూన్ అనే రొయ్యల వేటగాడు 1960ల చివర్లో జెల్లీచేపల బెడద పడలేక తన వలలో ఒక ఇనపచట్రం బిగించాడు. రొయ్యలు ఊచల మధ్యనుంచి వెనక్కి పోతాయి, పెద్దవి చట్రానికి తగిలి పక్క కంతలోంచి బయటపడతాయి. తాబేళ్ళూ అలాగే బయటపడ్డాయి. లెక్కలు వేసినవాళ్ళ వ్యాసం, ఆ వేటగాడి చట్రం ఒకచోట కలిశాకనే అమెరికాలో చట్టం గట్టిపడింది. కెంప్స్ రిడ్లే గూళ్ళు 1990ల నుంచి పెరిగాయి. ఇక్కడ నేను తొందరపడి "చూశారా, గుడ్ల కాపలా దండగ" అనకూడదు. ఈడుకు రావడానికి పదేళ్ళకు పైగా పట్టే జంతువు గనక, పెరిగినవాటిలో పాత కాపలా ఫలం కూడా ఉంది. రెండూ కావాలి. ఒకటి చేసి రెండోదాన్ని వదిలేస్తే సరిపోదని ఆ ఇరవై ఏళ్ళు చూపించాయి.

మన దగ్గర కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు సరిపడే చట్రం తయారుచేసింది. వాడకం మాత్రం అంతంతమాత్రం. అమెరికా ఈ కారణం మీదే రొయ్యల దిగుమతి ఆపితే మన దేశం మరి మూడు దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసింది. 1998లో అప్పీలు తీర్పు వచ్చింది. 2019లో మళ్ళీ అమెరికా మన సముద్రపు రొయ్యలను ఆపేసింది. ఇంకో సంగతి. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అది చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టింది. తాబేళ్ళు ఒడ్డుకు దగ్గరగా గుంపులుగా ఉండేది నవంబరు నుంచి మార్చి దాకా. బోట్లు ఆగేసరికి తాబేళ్ళు చాలావరకు వెళ్ళిపోతాయి! ఒడిశా తన మూడు ముఖ్యమైన చోట్ల నవంబరు నుంచి మే వరకు 20 కిలోమీటర్ల మేర వేరే నిషేధం పెట్టింది. అది తాబేలు క్యాలెండరు చూసి పెట్టిన నిషేధం.

హేచరీల విషయంలో ఇంకో దెబ్బ ఉంది, అది నాకు మరీ గట్టిగా తగిలింది. 1966లో డకార్‌లో పనిచేస్తున్న మాదలేన్ షార్నియే అనే ఆమె, ఒక తొండ జాతిలో గుడ్ల వేడిని బట్టి పిల్లల ఆడామగా మారుతోందని గమనించింది. మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత తాబేళ్ళలోనూ మొసళ్ళలోనూ అదే తేలింది. సముద్రపు తాబేళ్ళలో గూడు చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి. 29, 30 డిగ్రీల దగ్గర తూకం. అప్పటికే అనేక దేశాల్లో మంచి మనసున్నవాళ్ళు గుడ్లను థర్మోకోల్ పెట్టెల్లో పొదిగిస్తున్నారు. ఆ పెట్టెలు ఇసుక కంటే చల్లన. వీటిలోంచి ఎక్కువగా మగవే వస్తాయని నికొలస్ మ్రోసోవ్‌స్కీ 1980ల మొదట్లో హెచ్చరించాడు. కెంప్స్ రిడ్లే పెట్టెల్లోనూ అదే జరిగిందని తేలాక వేడి పెంచారు. కొన్నేళ్ళపాటు ప్రేమతో, శ్రద్ధతో పెళ్ళికూతుళ్ళు లేని పెళ్ళికొడుకుల్ని తయారుచేశారన్నమాట. మా హేచరీలో? పైన కొబ్బరాకుల నీడ వేశాం, గుడ్లు చల్లగా ఉండాలని. థర్మామీటరు పెట్టాలని ఒక్కరికీ తోచలేదు. నాతో సహా.

కప్ప కథ దీనికి తలకిందులు. వానలు రాకపోతే మన పల్లెల్లో కప్పతల్లిని ఊరేగిస్తారు. కప్పను తడిగుడ్డలో రోకలికి కట్టి, వేపమండలు పెట్టి, ఇంటింటా దాని మీద నీళ్ళు పోస్తారు. కప్ప అరిస్తే వాన వస్తుందని నమ్మకం. వాన వస్తే కప్ప అరుస్తుందన్నది నిజం. కార్యాన్ని కారణం చేసుకున్నాం. చిన్నప్పుడు జుగ్సలాయిలో రైలుపట్టాల వారన పల్లంలో తొలివానకు నీళ్ళు నిలిస్తే ఆ రాత్రంతా నిద్ర ఉండేది కాదు. పొద్దున చూస్తే పసుపుముద్దల్లాంటి బోదురుకప్పలు, గొంతు పక్కన నీలం సంచులు ఉబ్బించుకుని. మామూలు రోజుల్లో మట్టిరంగులో ఉండే మగకప్ప ఆ కొద్ది రోజులే పసుపు తిరుగుతుంది. ఏడాది సంతానమంతా ఆ నాలుగైదు రాత్రుల్లోనే, ఆ నిలవనీళ్ళలోనే.

ఈ సంగతి శాస్త్రవేత్తల కంటే ముందు వ్యాపారులు పట్టుకున్నారు. కప్పకాళ్ళను విదేశాలకు ఎగుమతి చేసే రోజుల్లో పెట్రోమాక్స్ లైట్లతో ఆ రాత్రులే పొలాల మీద పడేవారు. ఏడాదంతా వెతికినా దొరకనన్ని కప్పలు ఒకేచోట, వెలుతురుకు కదలకుండా! 1981లో ఎగుమతి 4,000 టన్నులు దాటింది, అదీ వెనకకాళ్ళు మాత్రమే. 1985లో ఈ కప్పను అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో చేర్చారు, 1987లో మన ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. కప్పలు పోయినందుకు పురుగుమందుల ఖర్చు అంతకు మించి పెరిగిందన్న వాదన అప్పుడు బాగా ప్రచారమైంది. అది మన పక్షం వాదనే అయినా ఆ లెక్క మీద నాకు పెద్ద నమ్మకం లేదు. నిషేధానికి అంతకంటే గట్టి కారణం కప్ప జీవితంలోనే ఉంది. జతకట్టే రాత్రి పట్టుకుంటే గుడ్లు పెట్టకముందే పట్టుకున్నట్టు.

ఇక్కడ తాబేలు లెక్క పనికిరాదు. కప్ప వేలల్లో గుడ్లు పెడుతుంది, త్వరగా ఎదుగుతుంది, ఒక మంచి వానాకాలం దొరికితే తేరుకుంటుంది. దానికి కావలసింది ఆ కొన్ని రాత్రులూ, ఆ గుంటా. మా పట్టాల వారన పల్లాన్ని మట్టి పోసి పూడ్చి చాలా ఏళ్ళయింది. ఇప్పుడక్కడ గోదాములున్నాయి. కప్పను ఎవరూ చంపలేదు, ఏ చట్టమూ మీరలేదు. తొలివాన రాత్రి మాత్రం నిశ్శబ్దం.

మొసలి సంగతి రెండు ముక్కల్లో. 1975లో మొదలైన మొసళ్ళ పథకంలో గుడ్లు పొదిగించి, పిల్లల్ని కొంత పెంచి నదుల్లో వదిలారు. చంబల్‌లో ఘరియాల్ నిలదొక్కుకుంది. అదే పద్ధతిలో మహానదిలో వందల పిల్లల్ని వదిలితే దాదాపు ఏదీ మిగల్లేదు. సత్కోసియాలో మళ్ళీ పిల్లలు పుట్టింది 2021లో, నలభై ఏళ్ళ తర్వాత. పెంపకం ఒకటే, నదులు వేరు. మహానదిలో చేపల వలలు వాటిని బతకనివ్వలేదు.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. వాడు విని, "అయితే మీరు వదిలినవి మళ్ళీ మీ ఒడ్డుకే వస్తాయా?" అన్నాడు. ఆడ తాబేలు తాను పుట్టిన తీరానికే వస్తుందని నేనూ చాలాసార్లు సభల్లో చెప్పినవాణ్ణే. 2021 మార్చిలో గహిర్‌మఠలో రెక్కకు బిళ్ళ వేసిన ఒక తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనిపించింది. శ్రీలంక చుట్టూ తిరిగి వెళ్ళి ఉంటుందని అంచనా. తూర్పు తీరం తాబేళ్ళు వేరు, పడమటివి వేరు అనుకునే లెక్కను ఆ ఒక్క బిళ్ళ కదిలించింది. కాబట్టి "సాధారణంగా వస్తాయి" అని మాత్రం చెప్పాను.

మొన్న ఫిబ్రవరిలో మా తీరంలో ఒక మరబోటు యజమానితో మాట్లాడాను. ఆయనకు నాకంటే పదేళ్ళు పెద్ద వయసు ఉంటుంది. వలకు చట్రం పెట్టమని చెప్పబోయాను. ఆయన అడ్డొచ్చాడు: "బాబూ, మీరు గుడ్లేరుతున్నారు, మంచిదే. మా వలలో పడ్డ సరుకులో కొంత ఆ కంతలోంచి పోద్ది కదా. ఆ డబ్బు ఎవరిస్తారు? నేనొక్కణ్ణే పెట్టి, పక్కబోటోడు పెట్టకపోతే?" నా దగ్గర జవాబు లేదు. ఆయన్ని పాపి అనడం తేలిక. ఆయన ప్రశ్న కూడా లెక్క అడిగే ప్రశ్నే. ఎంత సరుకు పోతుందో ఆయన బోటు మీదే, చట్రం పెట్టిన వలకూ పెట్టని వలకూ పక్కపక్కన తూచి చూద్దామా అన్నాను. సీజను అయ్యాక చూద్దాం అన్నాడు. ఇంకా అడగాలి.

వచ్చే జనవరికి మేనల్లుడు కూడా వస్తానంటున్నాడు. నాలుగు థర్మామీటర్లు కొన్నాం, ఎండలో ఉన్న గూళ్ళకు రెండు, నీడలో ఉన్నవాటికి రెండు. రెండు నోటుపుస్తకాలు కూడా కొన్నాం. ఒకటి గూళ్ళకు. రెండోది చచ్చి ఒడ్డుకొచ్చినవాటికి: తేదీ, చోటు, ఆడదా మగదా, వీపు పొడవు. రెండోదాని అట్ట మీద పేరు వాడే రాశాడు. అది లావుపాటిది తీసుకున్నాం.